వేసవి తరగతికి వెళితే సీటొస్తుందా: అమీర్‌పేటలో నాలుగు రోజులు

మే నెల రెండో సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, బాపట్ల నుంచి వచ్చిన బస్సు నన్నూ నా మనవరాలు చైత్రనూ అమీర్‌పేటలో మెట్రో స్తంభం కింద దింపి వెళ్లిపోయింది. గడియారం చూసుకునే రాస్తున్నాను. ముప్ఫై రెండేళ్లు బ్యాంకులో క్యాషియరుగా పనిచేశాను. వేళ రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టలేను.

వేళ తెలుసు గానీ, ఎక్కడున్నానో మాత్రం కాసేపు తెలియలేదు. తల మీద వంతెన. దాని మీద దీపాలు వెలిగించుకుని ఒక రైలు వెళ్లింది. లోపల ఇద్దరో ముగ్గురో మనుషులు, ఎవరూ కదలడం లేదు. కింద కొట్లన్నీ మూసి ఉన్నాయి. గోడల మీద, స్తంభాల మీద, మేడల మీద మాత్రం పిల్లల ముఖాలు. వందల ముఖాలు, అన్నీ నవ్వుతూనే ఉన్నాయి. ఊరంతా నిద్రపోతుంటే ఈ పిల్లలొక్కరే మేలుకుని మా కోసం చూస్తున్నట్టు అనిపించింది.

మేం ఎందుకు వచ్చామో చెప్పాలి. చైత్రకు పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం అయింది. ఉత్తరాదిలో ఒక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ మార్కులతో పాటు పిల్లలు రాసిన వ్యాసాలు, చేసిన పనులు చూసి, మాట్లాడించి సీటిస్తారు. నచ్చితే ఫీజు కూడా తగ్గిస్తారు. అక్కడ నీటి గురించి చదవాలని దాని కోరిక. మాది సముద్రానికి దగ్గర. ఎండలు ముదిరేకొద్దీ నూతుల్లో ఉప్పు ఎక్కుతుంది. పోయిన జూన్ నుంచి చైత్ర రోజూ తెల్లవారగానే, ఎవరూ నీళ్లు తోడకముందే, మా వీధిలో పదకొండు నూతుల్లో ఉప్పు కొలిచే పెన్నులాంటి మీటరు ముంచి అంకె రాసుకుంటోంది. ఎవరూ చెప్పిన పని కాదు. ఏడాది నిండడానికి ఇంకా నెల ఉంది.

ఇంతలో పంజాగుట్టలోని ఒక సలహా సంస్థవాళ్లు ఫోన్ చేశారు. మూడు వారాల సమ్మర్ ప్రోగ్రాం ఉందట. రెండు వారాలు వాళ్ల దగ్గర, ఒక వారం ఢిల్లీ వైపు ఏదో కాలేజీ ఆవరణలో. చేరితే సీటొచ్చే అవకాశం పెరుగుతుందన్నారు. ఫీజు లక్షా ఎనభై వేలు. గురువారం సాయంత్రం ఐదింటితో ఆఖరు.

ఆ మూడు వారాల్లోనే మా నూతుల్లో ఉప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. వెళితే ఆ అంకెలు పోతాయి. వెళ్లకపోతే సీటు దూరమవుతుందేమోనని భయం. మా అమ్మాయీ అల్లుడూ కొట్టు వదిలి రాలేరు. డబ్బు ఎలాగూ నాది. డిపాజిట్ గడువుకు ముందే తీసి, చెక్కుబుక్కు సంచిలో పెట్టుకుని, కళ్లతో చూసి తేల్చుకుందామని నేనే బయల్దేరాను. మేం లేని రోజులకు మీటరు పక్కింటి సుబ్బలక్ష్మికి అప్పగించాం.

చల్లని గది

ఆడపిల్లల హాస్టల్లో గది దొరికింది. నడిపే పద్మగారిది మా తెనాలి వైపే. "పిన్నిగారూ, మంచాలు రెండే, ఫ్యాను ఒకటే, పోట్లాడుకోకండి" అని తాళం ఇచ్చింది. సందు చివర బండి మీద ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. మా దగ్గర చట్నీ అడిగితే తిట్టుకుంటూ వేస్తారు. ఇక్కడ అడక్కుండానే మూడు రకాలు పోసి, ఇడ్లీ ఎక్కడుందో వెతుక్కోమంటారు. నిలబడి తినడం నాకు అలవాటు లేదు. అల్లం చట్నీ చీర మీద ఒలికింది. బండతను "అమ్మా, నీళ్లు కొట్టకు, ఇంకింత పాకుతది, జర ఎండనియ్" అన్నాడు. ఎండనిచ్చాను. మరక పోలేదు.

పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషను. సంస్థ ఆరో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే చల్లదనం వచ్చి ముఖానికి తగిలింది. బయట మండే ఎండ, లోపల మాఘమాసం. గాజు గోడ అవతల రైళ్లు చప్పుడు లేకుండా వెళ్లి వస్తున్నాయి. ఆ చలిలో కూర్చుంటే ఏ మాటైనా నిజమేననిపిస్తుంది.

మాతో మాట్లాడిన అమ్మాయి పేరు స్రవంతి. సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తోంది. ఆమె వెనక గోడంతా సీటొచ్చిన పిల్లల ఫోటోలే. మధ్యలో పెద్దది, కళ్లజోడు, రెండు జడలు ఉన్న అమ్మాయిది.

"ఇక్కడ సీటొచ్చినవాళ్లున్నారు. మీ దగ్గర చేరి కూడా సీటు రానివాళ్లు ఎంతమంది?" అని అడిగాను.

స్రవంతి నవ్వింది. "రానోళ్ల ఫోటోలు ఎవరు పెట్టుకుంటరు మేడమ్?"

"ఫోటోలు వద్దమ్మా, సంఖ్య చెప్పు."

"అది మేం ట్రాక్ చెయ్యం మేడమ్."

"పోనీ, ఇలాంటి తరగతులకు వెళ్లకుండానే సీటొచ్చినవాళ్లు?"

"అమ్మమ్మా!" అని చైత్ర నా మోచెయ్యి గిల్లింది. "ఇన్‌స్పెక్షనుకు వచ్చావా ఏంటి?"

జమ ఒక్కటే చూపి ఖర్చు చూపకపోతే లెక్క ఎలా తేలుతుంది? అయినా ఆ చల్లదనంలో నాకూ కాఠిన్యం కరిగింది. ఆ తరగతిలో చోటు ఆపి ఉంచడానికి ఐదు వేలు కట్టాను. తిరిగి ఇవ్వరని రసీదు మీదే ఉంది, చదివే కట్టాను. "రేపు డెమోకి రాండ్రి. డెమో ఫ్రీ" అంది స్రవంతి.

డెమో

అమీర్‌పేటలో ఏ చదువైనా మొదటి పాఠం ఉచితం. దాన్నే డెమో అంటారు. మా ఊళ్లో మామిడిపళ్లవాడు ముక్క కోసి చేతిలో పెట్టినట్టే ఇది. తేడా ఒకటే. పండు అయితే ముక్కా, బుట్టలోదీ ఒకే చెట్టుది.

మంగళవారం పొద్దున డెమోకు ఇరవైమంది పిల్లలు వచ్చారు. పెద్దవాళ్లలో నేనొక్కదాన్నే. వెనక వరుసలో కూర్చోబెట్టి దుప్పటి కూడా ఇచ్చారు. చెప్పేవాడికి నలభై ఏళ్లుంటాయి, చక్కని గొంతు. ఒక్కొక్కరినీ లేపి, నీకు ఏదంటే ఇష్టం అని అడిగాడు. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పిల్ల లేచి నిలబడి ఏమీ చెప్పలేకపోయింది. అతను తొందరపెట్టలేదు. చేతులు కట్టుకుని ఆగాడు. చాలాసేపటికి ఆ పిల్ల, తనకు పాత రేడియోలు విప్పడమంటే ఇష్టమని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ముఖం నేనిప్పుడు రాస్తుంటే కూడా కనిపిస్తోంది. సీటు సంగతి నాకు తెలియదు గానీ, ఆ పిల్లకు ఆ మూడు వారాలూ మేలే చేస్తాయి.

చైత్ర వంతు వచ్చింది. నూతుల సంగతి చెప్పింది.

"సూపర్! ఇదేనమ్మా మన ప్రాజెక్టు!" అన్నాడు.

"కానీ సార్, ఇక్కడ చేరితే మూడు వారాల రీడింగులు పోతాయి."

"దాందేముంది? ముందు అంకెలున్నాయి, వెనక అంకెలుంటాయి. మధ్యలో సరాసరి వేసి నింపేద్దాం. గ్రాఫు నున్నగా వస్తుంది."

ఎవరూ తలెత్తి చూడలేదు. తప్పు చెప్పినట్టు అతనికీ అనిపించలేదు. నాకు దుప్పటి వెచ్చదనానికి కళ్లు మూతపడ్డాయి. ఆరో అంతస్తు గచ్చు మధ్యలో ఒక నుయ్యి ఉన్నట్టు, పిల్లలంతా చుట్టూ నిలబడి అందులోకి వంగి చూస్తున్నట్టు, నీళ్లకు బదులు లోపల తెల్లని కాగితం ఉన్నట్టు కల వచ్చింది. లేచేసరికి ఉప్మా పెట్టారు. తర్వాత అందరినీ సంస్థ బోర్డు ముందు నిలబెట్టి ఒక్కొక్కరికీ ఫోటో తీశారు. చైత్ర ఎంత బాగా నవ్విందో!

సాయంత్రం ఇరానీ హోటల్లో టీ తాగాం. మా దగ్గర టీలో పాలు కలుపుతారు. ఇక్కడ పాలల్లో టీ నిద్రపోతుంది. చైత్ర బిస్కెట్ ముంచి, అది విరిగి పడేదాకా చూస్తూ ఉండిపోయింది.

"అమ్మమ్మా, సార్ చెప్పినట్టు నింపితే ఏంటట? ఎటూ మేలో ఉప్పు పెరుగుతుందిగా. దాదాపు అంతే వస్తుంది."

"దాదాపు" అన్నాను.

"ఎవరికి తెలుస్తుంది?"

నాకు నచ్చలేదు. కానీ వద్దని కూడా అనలేదు. ఆ సీటు నాకూ కావాలి. సుబ్బలక్ష్మి ఫోన్ చేసి సోమ, మంగళవారాల అంకెలు చదివింది. చైత్ర రాసుకుంది. మంగళవారంవి బాగా పెరిగాయి.

ఒకే ముఖం

బుధవారం ఇంకో మూడు చోట్ల అడిగాం. ఒకచోట "అవకాశం చాలా పెరుగుతుందండీ" అన్నారు. ఎంత అంటే చేతులు చాపి చూపించారు. రెండోచోట "గ్యారంటీ అనం, ప్రొఫైల్ మాత్రం స్ట్రాంగ్ అవుతుంది" అన్నారు. మూడోచోట తలుపు దగ్గర చిన్న బల్ల వేసుకుని కూర్చున్న పెద్దమనిషి ఒక్కడే తిన్నగా చెప్పాడు.

"చూడండమ్మా, డబ్బు కడితే ఎవరినైనా తీసుకునే తరగతి వల్ల మీరు డబ్బు కట్టగలరని తెలుస్తుంది. అంతే. పరీక్ష పెట్టి, కొద్దిమందిని ఏరుకుని, ఫీజు లేకుండా చెప్పేవి కొన్ని ఉంటాయి. అందులో చోటు దొరికితే దానికి విలువ ఉండొచ్చు."

"అలాంటిది చెప్పండి, ఇప్పుడే రాస్తుంది."

"వాటికి దరఖాస్తులు చలికాలంలోనే అయిపోయాయమ్మా."

"పోనీ వచ్చే వేసవికి?"

"వచ్చే వేసవికి మీ అమ్మాయి సీటు సంగతే తేలిపోయి ఉంటుంది కదా."

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాం. మాకు చెప్పేవాళ్లు లేక ఒక చలికాలం మా ఇంటి ముందు నుంచే వెళ్లిపోయింది.

ఆ రోజు ఎక్కడికెళ్లినా కళ్లజోడు, రెండు జడల అమ్మాయే కనిపించింది. ఇంగ్లీషు నేర్పేవాళ్ల ఫ్లెక్సీ మీద ఆమే, పరీక్షల కోచింగు స్తంభం మీద ఆమే, పంజాగుట్ట గోడ మీదా ఆమే. అన్నిటి కిందా "మా విద్యార్థిని" అనే. ఎండలో నడిచి నడిచి నా తల తిరుగుతోందేమో అనుకున్నాను. మధ్యాహ్నం మెస్సులో నూట ఇరవై రూపాయలకు కడుపునిండా భోజనం చేశాక కూడా ఆమె కనిపిస్తూనే ఉంది. నేను మెట్రోలో గొడుగు మరిచిపోయింది కూడా ఆ ముఖం చూస్తూనే.

ఆ సాయంత్రం ఒక్కసారిగా ఆకాశం నల్లబడి వాన కురిసింది. హాస్టల్ వసారాలో కూర్చున్నాం. గేటు తీసుకుని, ప్లాస్టిక్ సంచి గుండెకు హత్తుకుని, తడుస్తూ ఆ ముఖమే లోపలికి వచ్చింది. కళ్లజోడు మీద చినుకులు.

"పద్మక్కా! జాకెట్లు తెచ్చిన. మూడో నంబర్ రూముల అక్కయి జర లూజ్ చేసినం."

చైత్ర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మమ్మా, నీకూ కనిపిస్తోందా?"

ఆమె పేరు మౌనిక. ఇల్లు బోరబండ. వాళ్ల అమ్మ హాస్టల్ పిల్లలకు జాకెట్లు కుడుతుంది. చైత్ర వెళ్లాలనుకుంటున్న విశ్వవిద్యాలయంలోనే మౌనిక మొదటి సంవత్సరం అయి, సెలవులకు వచ్చింది. పద్మగారు తువ్వాలు ఇచ్చింది. నేను ఊరుకోలేదు.

"అమ్మా, నువ్వు మూడుచోట్ల చదివావా?"

ఆమె పకపకా నవ్వింది. "యాడ చదివిన అమ్మమ్మా! మూడు దిక్కుల డెమోకు పోయిన, గంతే. ఫ్రీ కద. ఫోటో తీసుకున్నరు, ఉప్మా సుత పెట్టిండ్రు. సీటొచ్చినంక ఆ ఫోటోలన్నీ గోడలకెక్కినయ్."

"అబద్ధం కదా అది? అడగకుండా పెట్టేశారా?"

"అడిగిండ్రు. మా నాయన మస్తు ఖుష్ అయిండు. మా ఇంటి ముంగట సుత ఒకటి కట్టుండ్రి అన్నడు. డెమోకు పోయిన మాట నిజమే కద అమ్మమ్మా."

చైత్ర ముందుకు జరిగింది. "అక్కా, మరి సమ్మర్ ప్రోగ్రాం చేశావా?"

"లే. ఎండకాలమంత అమ్మతోని హుక్కులు కుట్టిన. వ్యాసంల అదే రాసిన."

"చేసుంటే ఇంకా తేలిగ్గా వచ్చేదా?"

మౌనిక కళ్లజోడు తుడుచుకుంటూ ఆలోచించింది. "ఏమో చెల్లె. నా రూమ్మేట్ చేసింది, ఆమెకొచ్చింది. నేను చెయ్యలే, నాకొచ్చింది. చేసినా రానోళ్లు మా హాస్టల్ల ఉండరు కద, అడుగుదామంటే. నన్నెందుకు తీసుకున్నరో నాకే తెల్వదు. ఎవ్వరు చెప్పరు."

"ఇంటర్వ్యూలో ఏమడిగారు?"

"హుక్కు తప్పు పడితే ఏం చేస్తవని అడిగిండ్రు. విప్పి మళ్ల కుడత అన్న. ఒకసారి పెండ్లి జాకెట్‌కు విప్పెటప్పుడు గుడ్డ చినిగింది, అది సుత చెప్పిన. దాని గురించే మస్తుసేపు అడిగిండ్రు."

వాన తగ్గింది. మౌనిక ఖాళీ సంచి తల మీద కప్పుకుని వెళ్లిపోయింది. గేటు ఎదురుగా స్తంభం మీద ఆమె ముఖం తడిసి మెరుస్తోంది. చైత్ర రెండింటినీ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

ఐదు గంటలు

గురువారం పొద్దున సుబ్బలక్ష్మి ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు.

"పిన్నిగారూ, నిన్న పొద్దున మొదలుపెట్టగానే మీటరు మాస్టారి నూతిలో జారిపోయిందండీ. తీయిద్దామని నిన్నంతా గాలం వేయించాను. దొరకలేదు. మీకెలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను. చైత్రమ్మ తిడుతుందేమో."

చైత్ర తిట్టలేదు. ఫోన్ తీసుకుని, "నువ్వు నూతిలో పడలేదుగా అత్తా, అంతే చాలు" అంది. తర్వాత మంచం మీద పడుకుని చాలాసేపు ఫ్యాను చూసింది.

సాయంత్రం నాలుగుంబావుకు పంజాగుట్ట ఆరో అంతస్తులో ఉన్నాం. చెక్కు రాసి, తేదీ వేసి, సంతకం మాత్రం ఆపాను. డెమో చెప్పిన సారు ఎదురుగా కూర్చున్నాడు.

"సార్, నిన్నా ఇవాళా రీడింగులు పోయాయి. మీటరు నూతిలో పడింది. ఏం రాయాలి?" అంది చైత్ర.

"చెప్పా కదమ్మా. సరాసరి."

"సరాసరి వేస్తే మీటరు నూతిలో పడ్డట్టు ఎక్కడా కనపడదు సార్."

"అదేగా మనకు కావాల్సింది!" అని అతను ప్రేమగానే నవ్వాడు.

చైత్ర నవ్వలేదు. "అమ్మమ్మా, వెళ్దాం."

నా చెయ్యి చెక్కుబుక్కు మీదే ఉంది. ఒక్క సంతకం. ఆ పిల్ల భవిష్యత్తు ఆ గీతలో ఉందో లేదో చెప్పగలిగినవాళ్లు ఆ ఊళ్లో నాకు దొరకలేదు. "ఇంకా వేళ ఉంది, కూర్చుని ఆలోచించు" అన్నాను. దానికి చెప్పానా, నాకు చెప్పుకున్నానా, తెలియదు.

గాజు గోడ పక్కన కూర్చున్నాం. ఎండ పసుపు రంగుకు తిరిగింది. రైళ్లు వెళ్తున్నాయి, వస్తున్నాయి.

"నింపేస్తే, రేపు వాళ్లు ఆ రోజుల గురించే అడిగితే ఏం చెప్పను? అసలు అడక్కపోయినా, ఏ అంకె నేను చూసిందో, ఏది చూడనిదో కొన్నాళ్లకు నాకే తెలియదు" అంది చైత్ర.

"సీటు రాకపోతే?"

"ఏడుస్తాను. నువ్వు కూడా ఏడు."

గోడ గడియారం ఐదు దాటింది. స్రవంతి వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి మేడమ్ అనలేదు.

"అమ్మమ్మా, సార్‌కు చెప్పి రేపు పొద్దుగాల దాక ఆపిస్తా. ఏమంటవ్?"

"వద్దమ్మా. నీకేమైనా ఇబ్బందా?"

"నా టార్గెట్ల ఒకటి తక్కువ పడతది, గంతే. ఫికర్ చెయ్యకు."

"అక్కా, నా ఫోటో తీసేయరా?" అని అడిగింది చైత్ర.

"గిప్పుడే? రేపు సీటొస్తే పెట్టుకుందామనుకున్న కదనే!" అని స్రవంతి ఫోన్ తీసి, మా ముందే ఫోటో చెరిపేసింది. లిఫ్టు దాకా వచ్చింది. "మంచిగ చేసినవ్ బిడ్డా" అనీ అనలేదు, తప్పు చేశావనీ అనలేదు. లిఫ్టు మీట నొక్కి, తలుపు మూసుకునేదాకా చెయ్యి ఊపింది.

నీళ్ల ఫిల్టర్ల కొట్లో కొత్త మీటరు కొన్నాం. బస్సు ఎక్కాక చైత్ర దాన్ని ఒడిలో పెట్టుకుని నిద్రపోయింది. శుక్రవారం ఊళ్లో దిగేసరికి బాగా పొద్దెక్కింది. అప్పటికే అందరూ నీళ్లు తోడేసుకున్నారు. ఆ రోజు అంకె కూడా లెక్కకు రాదని చైత్ర తనే చెప్పింది. శనివారం తెల్లవారుతూనే చెప్పులు లేకుండా వీధిలోకి వెళ్లింది.

సమ్మర్ ప్రోగ్రాం వల్ల సీటు అవకాశం పెరుగుతుందా అని మా వీధిలో ఇప్పటికి ఆరుగురు అడిగారు. నాకు తెలియదనే చెప్పాను. తెలిసినంతవరకు పోయినవి ఇవి:

గొడుగు ఒకటి.

తిరిగి ఇవ్వని ముందస్తు రుసుము, ఐదు వేలు.

డిపాజిట్ ముందే తీసినందుకు పోయిన వడ్డీ, నాలుగు వేల మూడు వందల పన్నెండు.

ఫీజు లేని తరగతులకు దరఖాస్తు పెట్టుకోగలిగిన చలికాలం ఒకటి.

సీటొచ్చే అవకాశంలో కొంత పోయిందేమో. ఎంతో ఎవరూ చెప్పలేదు కనుక అంకె వేయలేదు.

పాత మీటరు. దానితోపాటు, పాతదీ కొత్తదీ ఒకే నీళ్లలో ముంచి తేడా చూసుకునే వీలు.

బుధ, గురు, శుక్రవారాలు, పదకొండు చోట్ల, ముప్ఫై మూడు రీడింగులు. ఆ గడులు చైత్ర ఖాళీగా వదిలేసింది.